మెట్టెక్కని కుక్క

నా కుక్కకు ఒక పేరుండేది. అది నాకూ దానికీ మధ్య సంగతి కాబట్టి ఇక్కడ రాయను. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి, బెంగళూరు వీధుల్లో ఎక్కడ చూసినా కనిపించే రకమే. కె.ఆర్.పురం అవతల మా లేఅవుట్‌లో మురుగు కాలువ కోసం సిమెంటు గొట్టాలు తెచ్చి రోడ్డు పక్కన పడేసినప్పుడు ఒక గొట్టంలో దొరికింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. తల్లి ఎటు పోయిందో తెలియదు. ఫ్యాక్టరీ నుంచి వస్తూ గొట్టంలోకి వంగి చూశాను. అది నన్ను చూసి మొరిగింది. అరచేతిలో పట్టేంత ప్రాణి, నా మీద మొరగడమేమిటని కోపమొచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పటికి నేను ఆ ఇంట్లో అద్దెకు దిగి చాలా ఏళ్ళయింది. తొంభైల్లో బాపట్ల వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. వైట్‌ఫీల్డ్ రోడ్డులో యంత్రాల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో పని. పెళ్ళి కాలేదు. కొన్నాళ్ళు సంబంధాలు వచ్చాయి, తర్వాత రావడం మానేశాయి, నేనూ వాటి వెంటపడలేదు. ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిపేసేవాణ్ణి. సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదటి మాట మాట్లాడితే గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అని అడిగేవారు. అవుననేవాణ్ణి.

నేనుండేది కింది వాటా. పైన ఇంటి ఓనరమ్మ. వాళ్ళది ఎన్నో తరాల కిందట బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. భర్త పేటలో పట్టుచీరల కొట్టు నడిపి, వయసు మీద పడ్డాక ఊరి బయట ఈ ఇల్లు కట్టుకుని, అందులో ఎక్కువ కాలం ఉండకుండానే పోయాడు. పిల్లలు లేరు. ఆవిడకు అరవై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి, పూజ మాత్రం ఒక్క పూట తప్పేది కాదు. పైకి వెళ్ళే మెట్లు ఇంటి పక్కగా, బయటివైపు ఉండేవి. రోజూ పొద్దున్నే ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగివచ్చి, కింది మెట్టు కడిగి ముగ్గు పెట్టి, మళ్ళీ అంత కష్టమూ పడి ఎక్కేది. గేటు ముందు ముగ్గు పెట్టేది కాదు. గేటు నాదీ ఆవిడదీ. మెట్టు ఆవిడది.

కుక్కపిల్లను చూసి ఆవిడ పైనుంచే చెప్పింది.

"సాకితే సాకప్పా, నాకేమీ బేజారు లేదు. మెట్టు మాత్రం తొక్కగూడదు. పైన దేవుడుండాడు."

సరేనన్నాను. అద్దెకుండేవాడు సరే అనక ఏమంటాడు? కానీ ఒకసారి సరే అన్నాక మాట తప్పడం నాకు చేతకాదు, అదొక జబ్బు. కుక్కపిల్ల మెట్టు మీద కాలు పెట్టబోయినప్పుడల్లా న్యూస్‌పేపరు మడిచి అడ్డం పెట్టి "ఊఁహూఁ" అనేవాణ్ణి. వెనక్కి వస్తే బిస్కెట్టు ముక్క పెట్టేవాణ్ణి. ఇలా నెలల తరబడి. చివరికి మెట్టు మీదే బిస్కెట్టు పెట్టి దూరంగా నిలబడితే, అది మెట్టు ముందు కూర్చుని, నోటి నుంచి చొంగ కారుస్తూ, బిస్కెట్టునూ నన్నూ మార్చి మార్చి చూసేదే తప్ప ముందరికాలు ఎత్తేది కాదు. నా జీవితంలో ఎవరికైనా ఏదైనా సరిగ్గా నేర్పానంటే అదొక్కటే. పైనుంచి ఆవిడ చూసి నవ్వేది.

"నీ కుక్కకుండే మర్యాద మా బంధువులకి గూడా లేదు కదప్పా!"

నేను పొంగిపోయేవాణ్ణి.

ఇక నా అసలు పిచ్చి సంగతి చెప్పాలి. మాది సముద్రం ఒడ్డు ఊరు. నా చిన్నతనంలో ఒకసారి ఉప్పెన వచ్చింది. మా వైపు ఒక పద్ధతి ఉంది, గాలి తీరు మారిందంటే మనుషులు కదలకముందే పశువుల పలుపులు విప్పేస్తారు. కట్టేసిన పశువు ఎలాగూ చస్తుంది, విప్పిన పశువుకు దాని తంటాలు అది పడే అవకాశం ఉంటుంది. మా అమ్మ గేదె పలుపు విప్పింది, మమ్మల్ని తీసుకుని బియ్యం మిల్లు మేడ మీదికి పరిగెత్తింది. మా కుక్క మిల్లు గుమ్మం దాకా వెంట వచ్చింది. లోపల కాలు పెట్టే సందు లేదు, ఎవరో దాన్ని అదిలించారు. నీళ్ళు తీశాక గేదె దానంతటదే ఇంటికి వచ్చింది. కుక్క రాలేదు. నేను అడిగితే, "మనుషులే పోతే కుక్క సంగతేంట్రా" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ నాకది ఈనాటికీ అరగలేదు.

బెంగళూరులో అలాంటివేమీ రావని అందరూ అనేవారు. సముద్రం లేదు, పెద్ద నది లేదు, ఎత్తు మీదున్న ఊరు, ఇక్కడేం వస్తుంది? నేనూ నమ్మాను. అయితే ఒక ఏడు ఎక్కడో భూకంపం వచ్చిందని టీవీలో చూపించారు. కూలిపోయిన ఇంటి ముందు ఒక కుక్క కూర్చుని ఉంది. చుట్టూ జనం తిరుగుతున్నారు, అరుస్తున్నారు, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. అది ఎవరి కోసం చూస్తోందో ఆ మనిషి ఉన్నాడో లేడో. చూపించింది రెండు క్షణాలే. నేను టీవీ కట్టేసి, నా కుక్కను దగ్గరికి లాక్కుని చాలాసేపు కూర్చున్నాను. మర్నాడే ఫ్యాక్టరీ స్టోరులో పాత కాన్వాసు సంచి ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

ఆ సంచిని కిటికీ ఊచకు ఎత్తుగా తగిలించాను. ఒక గొలుసు. భయంతో కరవకుండా నోటికి కట్టే మెత్తటి గుడ్డ. పశువుల ఆసుపత్రిలో సూదులు వేయించిన కార్డు, తడవకుండా ప్లాస్టిక్ కవరులో. వేయించిన రాగిపిండి, ఎందుకంటే అది చన్నీళ్ళలో కలిపి పెట్టినా తింటుంది. బిస్కెట్లు, నీళ్ళ సీసా, ఒక గిన్నె. నేను కప్పుకుని ఉతకని దుప్పటి ఒకటి, నా వాసన ఉంటే కొత్తచోట నిద్రపోతుందని. బిస్కెట్లు మెత్తబడక ముందే మార్చాలి కదా, నెల తిరగ్గానే పాతవి తీసి నేను టీలో ముంచుకుని, దానికి కింద వేసి, ఇద్దరమూ తినేసేవాళ్ళం. నెలకోసారి మా ఇంట్లో అదే విందు.

తప్పిపోతే నలుగురికీ చూపించడానికి ఫోటో ఉండాలని కె.ఆర్.పురంలో ఒక స్టూడియోకు తీసుకెళ్ళాను. స్టూడియో ఆయన మొదట కుదరదన్నాడు, తర్వాత ఒప్పుకుని స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టాడు. కుక్క నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన కెమెరా వెనక నిలబడి, నా వెనకున్న తలుపు వైపు చూస్తూ ఆగాడు.

"ఇంకెవరైనా వచ్చేది ఉందా సార్?"

"లేదండీ, ఇంతే," అన్నాను.

బెంగళూరు వచ్చాక నేను తీయించుకున్న ఫోటో అదొక్కటే.

మెడలో బిళ్ళ కూడా ఉండాలనిపించింది. గిన్నెల కొట్లో పేర్లు చెక్కే మనిషి దగ్గరికి వెళ్ళి ఇత్తడి బిళ్ళ మీద ఫోన్ నంబరు చెక్కించాలనుకున్నాను. కానీ నాకు ఫోను లేదు. అందరూ సెల్‌ఫోన్లు కొనుక్కుంటున్న రోజులే అవి, నాకు చేసేదెవరని కొనలేదు. పైన ఓనరమ్మకు ల్యాండ్‌లైన్ ఉంది. ముగ్గు పెడుతున్నప్పుడు వెళ్ళి అడిగాను.

"మా ఫోను నంబరు కుక్క మెడలోనా?" అని ముందు నవ్వింది. తర్వాత ముగ్గుచెయ్యి చీరకొంగుకు తుడుచుకుంటూ, "కానీలేప్పా. ఎవురన్నా ఫోన్ చేస్తే నాకూ మాట్లాడేదానికి ఒకరు దొరికినట్ల," అంది.

వరండాలో ఒక పాత చెక్కబల్ల ఉండేది. నేను "పైకి" అంటే దాని మీదికి దూకేలా అలవాటు చేశాను. మా వైపు పద్ధతి గుర్తుండి, ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పుడు దాన్ని ఎప్పుడూ కట్టేసేవాణ్ణి కాదు. వరండాలో, కాంపౌండు గోడ లోపల వదిలేసేవాణ్ణి. ఇలా అన్నీ అమరాయి. ఒక్కటే అమరలేదు. నేను ఇంటికి రాలేకపోతే? రోడ్డు మీదే నాకేమైనా అయిపోతే? దాన్ని తీసుకుని, తిండి పెట్టి, రాత్రి పక్కన పడుకోనిచ్చే మనిషి ఎవరు?

ఇది మొదట చిన్న ప్రశ్నలాగే కనిపించింది. అడగడం మొదలుపెట్టాక గాని అర్థం కాలేదు. మా ఫ్యాక్టరీలో నాకు కాస్త దగ్గరైన నెల్లూరాయన ఒకడు సర్జాపుర రోడ్డులో కొత్త అపార్ట్‌మెంటు కొనుక్కున్నాడు. ఆయన్ని అడిగితే, "మా సొసైటీలో కుక్కల్ని లిఫ్ట్ ఎక్కనివ్వరు గురూ," అన్నాడు. మెట్లున్నాయి కదా అన్నాను. నా మొహం చూసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. పక్కింట్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు అద్దెకుండేవాళ్ళు, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు సంచి కూడా చూపించాను.

"డాగ్‌కి ఎమర్జెన్సీ కిట్టా? సూపర్ అంకుల్! వీకెండ్స్ అయితే మేం చూస్కుంటాం, వీక్ డేస్ అంటే కష్టం, షిఫ్ట్స్ ఉంటాయ్."

అంకుల్ అన్నందుకే సగం కోపం వచ్చింది. ఉపద్రవం శనివారం చూసుకుని రావాలన్నందుకు మిగతా సగం. ఊళ్ళో అన్నయ్యకు బూత్ నుంచి ఫోన్ చేసి అడిగితే, పెళ్ళి చేసుకుని ఉంటే ఈ గొడవ ఉండేది కాదు కదరా అన్నాడు. అది నిజమే కాబట్టి ఫోన్ పెట్టేశాను.

ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. కుక్క కోసం మనిషిని వెతుకుతున్నానని అనుకున్నాను గాని, తెలిసినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుంటూ పోతే చేతివేళ్ళు నిండకముందే అయిపోయేవారు. వాళ్ళలోనూ నేను చచ్చిపోతే సెలవు పెట్టి వచ్చేది ఎవరో తేల్చుకోలేకపోయేవాణ్ణి. కుక్క మాత్రం నా కాళ్ళ మీద తల పెట్టుకుని గుర్రుపెట్టి నిద్రపోయేది.

చివరికి ఓనరమ్మనే అడిగాను. మెట్టు కడుగుతోంది.

"అమ్మా, నాకేమైనా అయితే దీన్ని ఎవరు చూస్తారా అని..."

"నీకేమైతాదప్పా? గుండ్రాయి మాదిరి ఉండావు."

"అది కాదమ్మా. కనీసం వాన ఎక్కువై నీళ్ళొస్తే, దీన్ని మెట్ల మీదికి రానిస్తారా?"

ఆవిడ చీపురు ఆపి కుక్క వైపు చూసింది. కుక్క మెట్టుకు జానెడు దూరంలో బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఈడికి నీళ్ళా? మా ఇంటాయన ఇల్లు కట్టిన నాడు గూడా అదే అన్న్యారు, ఇది చెరువు జాగా అని. ఆ పొద్దు వస్తే చూస్తాంలేప్పా," అంది.

నాకు అంత చాలు. చూస్తాంలే అంటే రానిస్తానని అర్థం, నేను అలాగే తీసుకున్నాను. సంచి ఉంది, బల్ల ఉంది, మెట్లకు అనుమతి ఉంది. అనుమతి ఆవిడ ఇస్తే సరిపోతుందనుకున్నాను. కుక్కకు చెప్పాలని తోచలేదు.

ఆ పొద్దు రానే వచ్చింది. రెండువేల తర్వాత నాలుగైదేళ్ళకు ఒక ఏడు వానాకాలం ఎంతకీ అయిపోలేదు. దసరా దాటినా రోజూ వానే. పైనున్న చెరువులు నిండాయని, వాననీళ్ళు పారే రాజకాలువ పొంగుతోందని బస్సులో జనం అనుకుంటుంటే విన్నాను. ఆ రోజు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల వేళకే రోడ్డు మునిగిందన్నారు, తొందరగా వదిలేశారు. బయటికొచ్చి చూస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీల పెద్ద పెద్ద బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. కిటికీల్లోంచి కుర్రాళ్ళు సెల్‌ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నారు. నేను నడక మొదలుపెట్టాను.

దారిలో ఒక బేకరీ ముందు రూపాయి బిళ్ళ వేసే ఫోన్ పెట్టె ఇంకా పనిచేస్తోంది. ఓనరమ్మకు ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"ఎప్పుడొస్తావప్పా? నీళ్ళు కాంపౌండులోకి వచ్చేసిండాయి. నీ కుక్క బల్ల మింద ఉండె. ఇప్పుడు బల్ల తేలిపోయె. మెట్టుకాడ నీళ్ళలో నిలబడుకోనుండాది."

"పైకి పిలవండమ్మా! రమ్మనండి!"

"పిలస్తానే ఉండానప్పా గొంతు పోయేమాదిరి. నా మొగం చూస్తాది, తోక ఊపతాది, కాలెత్తదు. మెట్టు మునిగిపోయినా ఆడ మెట్టుండాదని దానికి తెలుసు. నీళ్ళు మెడ దాకా..."

లైను తెగిపోయింది. మళ్ళీ బిళ్ళ వేశాను, మింగేసి ఊరుకుంది. పెట్టెను చేత్తో గట్టిగా కొట్టాను. బేకరీ ఆయన ఏదో అన్నాడు, నాకు వినపడలేదు.

తర్వాతి నడక నాకు సరిగ్గా గుర్తులేదు. మోకాళ్ళ లోతు నీళ్ళు, కొన్నిచోట్ల నడుము దాకా. రైలు కట్ట దగ్గర పోలీసులు ఆపబోతే తప్పించుకుని పోయాను. నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నడిచాను. కార్పొరేషన్‌ను తిట్టాను, చెరువులో ఇల్లు కట్టిన ఆవిడ భర్తను తిట్టాను, పోయిన మనిషిని తిట్టడం తప్పని తెలిసీ తిట్టాను. అందరికంటే ఎక్కువగా ఆ కుక్కను తిట్టాను. ఎక్కవే వెధవదానా, ఎక్కు! ఒక్క కాలు ఎత్తు! ఎవరి మాటా వినని కుక్కలు ఊరంతా ఉన్నాయి, అవన్నీ ఈపాటికి ఏదో ఒక గోడెక్కి కూర్చుని ఉంటాయి. నా కుక్కే మాట వినే కుక్క. నడుస్తూ ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియలేదు. అది పోతే నేను ఇలా ఆదరాబాదరా వెళ్తున్నది ఏ ఇంటికి? అక్కడ నా కోసం ఇంకేముంది?

మా వీధిలోకి వచ్చేసరికి నీళ్ళు నడుము పైకి ఉన్నాయి. గేటు తెరిచి ఉంది. వరండాలో నా ప్లాస్టిక్ బకెట్టు, చెప్పులు తేలుతున్నాయి. మెట్ల దగ్గర కుక్క లేదు. పేరు పెట్టి పిలిచాను. మళ్ళీ పిలిచాను. నీళ్ళలో చేతులు పెట్టి మెట్టు దగ్గరంతా తడిమాను. చేతికి బురద తగిలింది, ఒక గుడ్డ తగిలింది, ఇంకేమీ తగల్లేదు. అప్పుడు పైనుంచి చిన్నగా ఆవిడ గొంతు వినిపించింది.

"పైకి రాప్పా. ఈడే ఉండాది."

అన్నేళ్ళలో నేను ఆ మెట్లు ఎక్కింది అద్దె ఇవ్వడానికే, అదీ గుమ్మం బయటి దాకా. ఆ రోజు బురదకాళ్ళతో వంటింటి దాకా వెళ్ళిపోయాను. ఆవిడ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుంది. తల వెంట్రుకల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ తొడ మీద తల పెట్టుకుని నా కుక్క పడుకుని ఉంది, ఒళ్ళంతా చీర చుట్టి. పూజకని ఎవరికీ తగలకుండా దండెం మీద విడిగా ఆరేసుకునే చీర అది.

"చేతికి అందింది అదేప్పా," అంది నేను చూడటం చూసి.

"ఎలా ఎక్కిందమ్మా?"

"యాడెక్కింది! పట్టుకోని లాగితే పడుకునేస్తాది. నేనే కదప్పా రావద్దంటిని. అట్లైతే నేనే పోయి తెచ్చుకోవాల." ఊపిరి తీసుకుంది. "నిలబడి ఎత్తేదానికి నా మోకాళ్ళు లేవు. నీళ్ళలో మెట్టు మింద కూకోని, ఒళ్ళోకి లాక్కోని, ఒక్కో మెట్టూ కూకోనే వెనక్కి జరగతా వస్తిని. దాని గుండె ఎట్ల కొట్టుకుంటా ఉండె తెలుసునా? నా చేతికి తగలతా ఉండె."

నేను వంగి ఆవిడ కాళ్ళకు దండం పెట్టబోతే, "సుమ్నే ఊరకుండప్పా, ముందు తల తుడుచుకో," అని కసిరింది. కుక్కను పిలిచాను. అది తల ఎత్తలేదు, చీర కింద తోక మాత్రం కదిపింది. అలిసిపోయింది పాపం అనుకున్నాను.

నీళ్ళు వెంటనే తీయలేదు. ఆ కొద్దిరోజులూ ముగ్గురమూ పైనే ఉన్నాం. కరెంటు లేదు. ఆవిడ దేవుడి గూటికి తెర లాగి, గుమ్మంలో పసుపునీళ్ళు చల్లి, ఆ తర్వాత కుక్కను ఏమీ అనలేదు. రాగిముద్ద, చారు వండేది. దానికి వేరే కంచంలో చల్లార్చి పెట్టేది. ఎవరినైనా అప్పా అని పిలవడం ఆవిడ అలవాటు, దాన్నీ అప్పా అనే పిలిచేది. "రాప్పా, ఊటం చేద్దువు," అంటే కుక్కా నేనూ ఒకేసారి తల ఎత్తేవాళ్ళం, ఆవిడ విరగబడి నవ్వేది. సాయంత్రాలు కొట్టు సంగతులు చెప్పేది, పెళ్ళిళ్ళ రోజుల్లో చీరలు మడతపెట్టి మడతపెట్టి చేతులు పడిపోయిన సంగతి చెప్పేది. నేను మా ఊరి సంగతులు చెప్పేవాణ్ణి. కింద నా సామానంతా మురుగునీళ్ళలో నానుతోంది, నాకేమో ఇంతకుముందెప్పుడూ అంత హాయిగా లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నాను.

నీళ్ళు తీశాక కిందికి దిగాను. బురద ఎత్తి, గోడలు కడిగి, సున్నం కొట్టించి, ఎండకు పరుపు ఆరేసి, ఇల్లు మళ్ళీ ఇల్లులా చేశాక కుక్కను పిలిచాను. గబగబా మెట్లు దిగి వచ్చింది. నా గుమ్మం ముందు ఆగిపోయింది. లోపలికి ముక్కు చాచి వాసన చూసి, చెవులు వాల్చి, వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"బెదిరిపోయిండాది. రెండు దినాలు ఉండనీప్పా," అంది ఆవిడ.

ఉండనిచ్చాను. వారాలు గడిచాయి. సాయంత్రం నేను రాగానే ఎప్పటిలాగే ఎగిరి గంతేసేది, నాతో వీధి చివరి దాకా తిరిగొచ్చేది. గేటు లోపలికి రాగానే నా గుమ్మం వైపు చూడకుండా నేరుగా మెట్లెక్కేది. ఏ మెట్టు! దాన్ని ఎక్కకూడదని నేర్పడానికి నేనెంత తంటాలు పడ్డానో. ఆవిడేమో ముగ్గు పక్కకు జరిపి, సగం మెట్టుకు మాత్రమే పెట్టడం మొదలుపెట్టింది, మిగతా సగం దానికి దారి.

మళ్ళీ బిస్కెట్లతో మొదలుపెట్టాను. గుమ్మం బయట ఒకటి, గడప మీద ఒకటి, లోపల ఒకటి. బయటిదీ గడప మీదిదీ తినేది. లోపలిది చూస్తూ కూర్చుని, చూసి చూసి వెళ్ళిపోయేది. ఒక ఆదివారం నాకు తిక్కరేగింది. నా కుక్క నా ఇంట్లో ఉండకపోవడమేమిటి? ఎత్తుకుని లోపలికి తెచ్చి తలుపు గడియ వేశాను. దుప్పటి పరిచాను, పాలు పెట్టాను, పక్కన కూర్చుని ఒళ్ళు నిమిరాను. అది మంచం కోడుకు ఆనుకుని వణుకుతూ నిలబడింది. కూర్చోలేదు, పాలు ముట్టలేదు. నేలలోంచి ఇంకా ఆ నీళ్ళ వాసన దానికి తెలుస్తోందేమో. నా చెయ్యి నాకి, తలుపు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ నా దగ్గరికి వచ్చి, మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళింది. నన్ను కూడా రమ్మంటోందనుకుంటాను. దానికి నా మీద ప్రేమ తగ్గలేదు, అదే మరీ కష్టంగా ఉంది. పైనుంచి ఆవిడ పిలవలేదు. పిలిచి ఉంటే నాకు కోపమైనా వచ్చేది.

చీకటి పడేదాకా చూశాను. తలుపు తీశాను.

మర్నాడు ఆవిడ మెట్టు దగ్గర కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని, నా వైపు చూడకుండా అంది. "ఇది నీ కుక్కేనప్పా. నేనేమీ లాక్కోలేదు."

"తెలుసమ్మా," అన్నాను.

"నువ్వూ పైకి రారాదా? ఒకే పొయ్యి, ముగ్గురికీ చేస్తాను."

రెండు మూడుసార్లు వెళ్ళాను. నేను పీట మీద చుట్టంలాగా కూర్చుంటే, కుక్క ఆవిడ కాళ్ళ దగ్గర పడుకునేది. ఇంకాస్త వేసుకోమని ఆవిడ మర్యాద చేసేది. ఉప్పెక్కువైందా అని అడిగేది. నీళ్ళున్న రోజుల్లో ఇలాంటివి అడిగేది కాదు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో పని ఎక్కువైందని చెప్పి మానేశాను.

ఆ ఇంట్లో మరికొన్నేళ్ళున్నాను. సాయంత్రాలు కింద ఒక్కణ్ణే అన్నం తింటుంటే పైకప్పు మీద దాని గోళ్ళ చప్పుడు వినిపించేది, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. ఆవిడ దానితో ఏదో మాట్లాడుతూ ఉండేది, మాటలు తెలిసేవి కాదు. మోకాళ్ళు నెమ్మదించాయని వీధిలో వాళ్ళకు చెబుతుంటే విన్నాను. కుక్క బాగా ఒళ్ళు చేసింది. దానికి ఏ లోటూ లేదు.

నాకేమైనా అయితే దాన్ని సొంతబిడ్డలా చూసుకునే మనిషి కావాలని కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాను. అలాంటి మనిషే దొరికింది. నాకే ఏమీ కాలేదు.